హీటర్ ఉంది, రగ్గులు ఉన్నాయి, అయినా చలికాలం హాయిగా ఎందుకు ఉండదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంట్లో హీటర్ ఉంది, మంచి రగ్గులు ఉన్నాయి, చలికి బాధపడే పరిస్థితేమీ లేదు. అయినా చలికాలం మొదలైందంటే ఎప్పుడు అయిపోతుందా అని రోజులు లెక్కపెడుతున్నారు. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు చల్లబడతాయి, విసుగొస్తుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు. ఇదే చలికాలం కోసం ఏడాదంతా ఎదురుచూసే వాళ్లూ ఉన్నారు కదా, వాళ్లు ఏం చేస్తున్నారు, ఇంకాస్త పెద్ద హీటర్ కొంటే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. పెద్ద హీటర్ వద్దు. ఇల్లంతా వేడి చేయాలన్న ఆలోచనే మానేయండి. మీరు రోజూ ఎక్కువసేపు కూర్చునే ఒక్క చోటు చూసుకోండి. ఆ చోటుని, అక్కడ కూర్చున్నప్పుడు మీ ఒంటిని బాగా వెచ్చగా ఉంచుకోండి. మిగతా ఇల్లు కొంచెం చల్లగానే ఉండనివ్వండి. ఇంకొకటి, రోజూ పగటిపూట కాసేపు బయటి చలిలోకి వెళ్లి రండి. వెచ్చదనం కావాలని అడిగితే చలిలోకి పొమ్మంటాడేమిటి అనుకుంటారేమో, కానీ అసలు కిటుకు అక్కడే ఉంది.

గదులు ఎందుకు చల్లగా ఉంటున్నాయో చూసి సరిచేయడం నా వృత్తి. ఇళ్లు, ఆఫీసులు రెండూ చూస్తాను. పిలిచిన వాళ్లలో చాలామంది "హీటర్ చాలట్లేదు" అనే మొదలుపెడతారు. వెళ్లి చూస్తే హీటర్ చాలని ఇళ్లు తక్కువే. కూర్చునే కుర్చీ తప్పు చోట ఉంటుంది, లేదంటే ఇల్లు అవసరానికి మించి వేడెక్కి ఉంటుంది.

రెండోది ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ నమ్మరు. మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త 1971లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒళ్లు చల్లబడి ఉన్న మనిషి చేతిని వేడి నీళ్లలో పెడితే ఎంతో హాయిగా ఉందంటాడు. ఒళ్లు వేడెక్కి ఉన్న మనిషికి అవే నీళ్లు చిరాకు తెప్పిస్తాయి, చల్లటి నీళ్లు హాయినిస్తాయి. అంటే హాయి నీళ్ల వేడిలో లేదు. ఆ క్షణంలో ఒంటికి ఏది అవసరమో అది దొరకడంలో ఉంది. ఇల్లంతా పొద్దుటి నుంచి రాత్రి దాకా 25 డిగ్రీల్లో ఉంచితే మీకు చలి వేయదు, నిజమే. కానీ వెచ్చగా ఉందన్న సుఖం కూడా తెలియదు. ఆకలి లేనివాడికి విందు పెట్టినట్టు ఉంటుంది.

ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్రతి గదిలో హీటర్, అన్నీ రోజంతా నడుస్తున్నాయి. ఆవిడ ఫిర్యాదు ఏమిటంటే, "వెచ్చగానే ఉందండీ, కానీ మత్తుగా, ఊపిరాడనట్టు ఉంటుంది, చలికాలం అంటేనే తలనొప్పి". ఇల్లంతా 19 డిగ్రీలకి తగ్గించి, ఆవిడ చదువుకునే మూల ఒక్కటీ బాగు చేశాం. పక్క గదిలోంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని శాలువా కప్పుకున్నప్పుడు తేడా తెలుస్తుంది కదా, ఆ తేడానే ఆవిడకి అంతకాలం దొరకనిది.

దీనికో హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాల్లో, చల్లటి రోజుల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంది. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్లు ఉంటే ఇంకాస్త ఎక్కువే ఉంచాలి. వయసు పెరిగే కొద్దీ చలి తెలిసే శక్తి తగ్గుతుంది. "నాకేం చలి లేదు" అంటున్న పెద్దాయన చేతులు ముట్టుకుంటే మంచులా ఉండొచ్చు. వాళ్ల మాట కాకుండా వాళ్ల గదిలోని థర్మామీటర్‌ని నమ్మండి.

ఇప్పుడు కుర్చీ సంగతి. ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

"థర్మామీటర్ 22 చూపిస్తోంది, నాకు మాత్రం వణుకు" అనే మాట తరచూ వింటాను. థర్మామీటర్ అబద్ధం చెప్పట్లేదు, అది గాలి వేడి చెప్తోంది. మన ఒంటికి గాలి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడలు, అద్దాలు, నేల కూడా లెక్కే. మన ఒళ్లు ఎప్పుడూ చుట్టుపక్కల చల్లటి వస్తువుల వైపు వేడిని పంపిస్తూనే ఉంటుంది, మధ్యలో వెచ్చటి గాలి ఉన్నా సరే. గాలి కదలని గదిలో మనకి తెలిసే వేడి ఇంచుమించు గాలి వేడికీ చుట్టూ ఉన్న ఉపరితలాల వేడికీ సగటు. గాలి 22 డిగ్రీలు, మీ పక్కనున్న గోడలూ అద్దాలూ కలిపి సగటున 16 అయితే, ఒంటికి 19లో కూర్చున్నట్టు ఉంటుంది. పెద్ద హీటర్ పెట్టి గాలిని 24 చేసినా అద్దం అద్దమే. అద్దం వైపున్న భుజం చల్లగా, హీటర్ వైపున్న మోకాలు కాలిపోతూ ఉంటాయి. చాలామంది చలికాలపు సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి.

దానికి తోడు, కిటికీ అద్దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి జారి నేల మీదుగా పాకుతుంది. కిటికీ మూసే ఉంటుంది, సందు ఎక్కడా ఉండదు, అయినా పాదాల దగ్గర చల్లటి గాలి తగులుతూనే ఉంటుంది. మీకు సాయంత్రం ముందుగా కాళ్లే చల్లబడుతున్నాయన్నారు కదా, నాకు ముందు దీని మీదే అనుమానం.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి, బయట బాగా చల్లగా ఉన్నప్పుడు, ఫ్యాన్లు, హీటర్ ఆపేసి, కుడిచేతి వెనుక భాగాన్ని నీళ్లతో తడిపి తుడవకుండా ఉంచండి. కిటికీ చట్రం అంచు వెంట, అద్దం మీద పెట్టకుండా ఒక అంగుళం దూరంలో, చేతిని మెల్లగా కదపండి. సందు ఉన్నచోట చర్మం మీద సూది మొనతో గీసినట్టు చలి తెలుస్తుంది. చట్రం కింది మూలల్లో, గొళ్లెం దగ్గర, రెండు రెక్కలు కలిసే చోట ఎక్కువగా దొరుకుతుంది. తర్వాత తలుపు కింద చూడండి. చివరిగా మీరు కూర్చునే కుర్చీ ముందు నేలకి దగ్గరగా చేతిని పెట్టి కాసేపు ఆగండి. ఒక దిక్కు నుంచి సన్నగా చల్లగాలి వస్తుంటే, ఆ దిక్కున ఏముందో చూడండి.

సరిచేయడం ఇంకా తేలిక. కుర్చీని బయటి గోడ నుంచి, కిటికీ నుంచి కనీసం ఒక మీటరు లోపలికి జరపండి. వీలైతే వీపు ఇంటి లోపలి గోడ వైపు ఉండేలా తిప్పండి. వీపు ఎత్తుగా ఉండే కుర్చీ అయితే మరీ మంచిది, వెనకనుంచి పోయే వేడిని అదే ఆపుతుంది. కిటికీకి మందపాటి కర్టెన్, నేలని తాకేంత పొడుగ్గా ఉండాలి. మధ్యలో ఆగిపోయే కర్టెన్ వల్ల ఆ చల్లగాలి కింది నుంచి దర్జాగా వచ్చేస్తుంది. పొద్దు వాలగానే వేసేయండి, పొద్దున్నే పూర్తిగా తీసేయండి, ఎండ లోపలికి రావాలి. కాళ్ల కింద మందపాటి పరుపు ముక్కో, రెండు మడతల రగ్గో వేయండి. తలుపు కింద సందుకి పాత గుడ్డ గట్టిగా చుట్టి అడ్డం పెడితే చాలు. ఇవన్నీ చేశాక కూడా చలి అనిపిస్తే అప్పుడు హీటర్ గురించి మాట్లాడుకుందాం. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి ఆ అవసరం రాలేదు.

ఇక ఒంటిని నేరుగా వెచ్చబెట్టుకోవడం. గదిని వేడి చేసే హీటర్ 2,000 వాట్లు తింటుంది. ఒడిలోనో పాదాల కిందో పెట్టుకునే కరెంటు ప్యాడ్ 100 వాట్లలోపే. ఇరవయ్యో వంతు కరెంటు, సుఖం మాత్రం ఎక్కువ. వేడి నీళ్ల బ్యాగ్‌కి అదీ అక్కర్లేదు. పాదాల దగ్గర ఒకటి, పొట్ట మీద శాలువా కింద ఒకటి. పొట్ట, ఛాతీ వెచ్చగా ఉంటే చేతులకీ కాళ్లకీ రక్తం బాగా వెళ్తుంది. చలేసినప్పుడు ఒళ్లు మొదట చేసే పని చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తాన్ని తగ్గించి మధ్య భాగాన్ని కాపాడుకోవడం. అందుకే కొందరు ఎన్ని సాక్సులు తొడిగినా పాదాలు వేడెక్కవు, స్వెట్టర్ వేసుకుంటే వేడెక్కుతాయి.

బట్టల విషయంలో అందరికీ తెలిసినవి వదిలేస్తాను. తెలియనివి మూడు. ఒకటి, వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, బట్టలో కదలకుండా ఉండే గాలి. బిగుతు సాక్సు మీద ఇంకో బిగుతు సాక్సు వేస్తే ఆ గాలీ ఉండదు, రక్తమూ ఆడదు. రెండు, తడి. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. పగలంతా బూట్లలో చెమ్మగిల్లిన సాక్సులతోనే సాయంత్రం కూర్చుంటే హీటర్ ముందు కూర్చున్నా లాభం లేదు. ఇంటికి రాగానే సాక్సులు మార్చడం నా దృష్టిలో చలికాలపు మొదటి సూత్రం. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకున్నా తడిగా అనిపించదు, నూలు అలా కాదు. మూడు, చలేశాక కప్పుకోవడం కాదు, వేయకముందే కప్పుకోవాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు 100 వాట్ల బల్బు పాటి వేడినే పుట్టిస్తుంది. నడిచొచ్చి కూర్చున్న మొదటి అరగంట ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, శాలువా పక్కన పడేస్తాం. గంట గడిచేసరికి పాదాలు బిగుసుకుపోతాయి, అప్పుడు కప్పుకున్నా వెనక్కి రావడానికి చాలాసేపు పడుతుంది. అన్నట్టు, ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందన్నది ఉత్త మాట. తల ఒంటిలో ఎంత భాగమో వేడి కూడా ఇంచుమించు అంతే పోతుంది, పదో వంతు. టోపీ పెట్టుకుంటే మంచిదే, కానీ దాని మీదే భారం వేయకండి.

గాలి పొడిబారడం గురించి కూడా ఒక మాట. బయట 0 డిగ్రీల దగ్గర తేమతో నిండుగా ఉన్న గాలిలో కూడా ఘనపు మీటరుకి 5 గ్రాముల లోపే నీరు ఉంటుంది. అదే గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే 17 గ్రాముల దాకా పట్టగలదు. అంటే తేమ 100 శాతం నుంచి 28 శాతానికి పడిపోయినట్టు. గొంతు గరగరలాడటం, పెదాలు పగలడం, పొద్దున్నే ముక్కు మండటం అన్నీ ఇందువల్లే, హీటర్ ఎంత పెంచితే అంత ఎక్కువ. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 60 దాటనివ్వకండి, చల్లటి గోడల మీద బూజు పడుతుంది.

మీ ప్రశ్నలో విసుగు అన్నారు. ఇది చలి సమస్య కాదు, చాలావరకు వెలుతురు సమస్య. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో సాయంత్రం వెలుతురు మామూలుగా 100 నుంచి 300 లక్స్ ఉంటుంది. బయట మబ్బు పట్టిన పగలు కూడా కొన్ని వేల లక్స్. కంటికి ఈ తేడా పెద్దగా తెలియదు, కానీ మెదడులోని గడియారానికి తెలుస్తుంది. పొద్దున్నే అసలు వెలుతురు అందకపోతే అది పగలు మొదలైందని నమ్మదు, రోజంతా మబ్బుగానే నడుస్తుంది. అందుకే బయటికి వెళ్లి రమ్మన్నాను. పొద్దున పూట అరగంట నడిస్తే వెలుతురూ అందుతుంది, ఒళ్లూ కదులుతుంది, తిరిగొచ్చాక ఇందాక చెప్పిన కబనాక్ సుఖమూ దొరుకుతుంది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే మొహానికి తగిలే వెచ్చదనం, ఇంట్లోనే ఉన్నవాడికి ఎంత హీటర్ పెట్టినా రాదు.

సాయంత్రాలకి మాత్రం దీనికి పూర్తిగా రివర్స్. పైకప్పు మధ్యలో వెలిగే తెల్లటి లైటు ఆపేయండి. 2,700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుతురు బల్బు ఒకటి, కూర్చున్న ఎత్తుకి కొంచెం పైన, పక్కనుంచి పడేలా పెట్టండి. గది మిగతా మూలలు కాస్త చీకటిగా ఉన్నా ఫర్వాలేదు. మూల ఒక్కటే వెలుగుతుంటే అక్కడికి వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది, గది అంతా సమానంగా వెలిగితే ఎక్కడ కూర్చున్నా ఒకటే.

కూర్చుని ఏం చేయాలన్నది మీ ఇష్టం, కానీ ఒకటి గట్టిగా చెప్తాను. రగ్గు కప్పుకుని ఫోన్ చూడటం ఇందులోకి రాదు. చేతులు బయటే ఉండి చల్లబడతాయి, మెడ వంగి ఉంటుంది, గంటలు పోతాయి, లేచేసరికి ఏమీ చేయలేదన్న చిరాకు మిగులుతుంది. దాని బదులు చలికాలంలో మాత్రమే చేసే పని ఒకటి పెట్టుకోండి. నాకు తెలిసిన ఒకాయన ఏడాదంతా పాత ఫొటోలు ఒక పెట్టెలో పడేస్తుంటాడు, చలి మొదలైతే తప్ప ముట్టుకోడు. ఒక్కో ఫొటో తీసి, వెనక పేర్లు పెన్సిల్‌తో రాసి, ఎవరో గుర్తురాకపోతే బంధువులకి ఫోన్ చేసి అడుగుతాడు. ఆ ఫోన్లతోనే సాయంత్రం గడిచిపోతుంది. వేసవిలో ఎవరూ ఆ పని చేయరు. అల్లిక కావచ్చు, లావుపాటి నవల కావచ్చు, నెమ్మదిగా ఉడికే వంట కావచ్చు. తొందర లేని పని అయితే చాలు.

చలికాలాన్ని ఇష్టపడే వాళ్లు ఏం చేస్తారన్నారు. దీన్ని పనిగట్టుకుని పరిశోధించిన వాళ్లున్నారు. నార్వేలో ట్రోమ్సో అనే ఊరు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. కారి లైబోవిట్జ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు అక్కడ ఉండి, యోర్ విటెర్సోతో కలిసి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. చలికాలంలో చేయదగ్గవి చాలా ఉన్నాయి అనుకునేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. చిత్రమేమిటంటే ఉత్తరానికి, అంటే మరింత చీకట్లోకి వెళ్లేకొద్దీ ఆ దృక్పథమే ఎక్కువగా కనబడింది. ఇష్టపడటం వల్ల తృప్తి కలిగిందా, తృప్తిగా ఉన్నవాళ్లే ఇష్టపడుతున్నారా అన్నది ఇలాంటి అధ్యయనంతో తేలదు. అయినా నేను గమనించినదానికి ఇది సరిపోతుంది. చలికాలాన్ని తప్పించుకునే వాళ్ల కన్నా, అందులో తమకంటూ రెండు మూడు పనులు పెట్టుకున్నవాళ్లే హాయిగా ఉంటారు.

నిద్ర గురించి క్లుప్తంగా. పడుకునే ముందు గంట నుంచి రెండు గంటల లోపు, 40 డిగ్రీలు దాటిన వేడి నీళ్లతో పది నిమిషాల స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుందని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. వేడి నీళ్ల వల్ల చేతులు, కాళ్లలోకి రక్తం వచ్చి, ఆ తర్వాత ఒంటి లోపలి వేడి తగ్గుతుంది, నిద్రకి కావలసింది అదే. పడక గదిని వేడిగా ఉంచకండి. పరుపు వెచ్చగా, గాలి చల్లగా ఉండాలి. మెడ దాకా రగ్గు కప్పుకుని పడుకోవడంలో సుఖమంతా ముక్కుకి చలి తగలడంలోనే ఉంది.

ఇక జాగ్రత్తలు. ఇవి తేలిగ్గా తీసుకోవద్దు.

మూసిన గదిలో బొగ్గులు, కట్టెలు కాల్చకండి. కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవడం ప్రాణాంతకం. అవి కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి తెలియదు. గ్యాస్ హీటర్ వాడే గదిలో పైన చెప్పినట్టు సందులన్నీ మూసేయడం కూడా ప్రమాదమే. అక్కడ గాలి వచ్చే దారి ఉండాల్సిందే.

వేడి నీళ్ల బ్యాగ్‌లో మరుగుతున్న నీళ్లు పోయకండి, గుడ్డ చుట్టకుండా వాడకండి, దాని మీద నిద్రపోకండి. చర్మానికి 44 డిగ్రీల వేడి గంటల తరబడి తగిలితే కూడా కాలుతుంది, అది ముట్టుకుంటే అంత వేడిగా అనిపించదు కూడా. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు బ్యాగ్, ప్యాడ్ రెండూ పాదాలకి దూరంగా ఉంచాలి. హీటర్‌కీ కర్టెన్‌కీ, పరుపుకీ మధ్య ఒక మీటరు ఎడం ఉండాలి. చలికి మందు తాగితే వేడి పుడుతుందనేది భ్రమ. చర్మానికి రక్తం ఎక్కువగా వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, కానీ లోపలి వేడి బయటికి పోతుంది. బయటికి వెళ్లే ముందు అస్సలు వద్దు.

ఇంకొకటి. ప్రతి చలికాలం వారాల తరబడి దిగులు, ఎంత పడుకున్నా తీరని నిద్ర, తిండి మీద అదుపు లేకపోవడం, ఎవరినీ కలవబుద్ధి కాకపోవడం ఉంటే అది విసుగు కాకపోవచ్చు. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని 1984లో నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించిన జబ్బు ఉంది, దానికి చికిత్స ఉంది. పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం అందులో ఒకటి. కానీ కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ దీపం మొదలుపెట్టకూడదు. కుర్చీ జరిపితే పోయేది కాదది.

మీ విషయంలో ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నాకు మూడు సంగతులు కావాలి. మీరు సాయంత్రం కూర్చునే చోటుకి కిటికీ ఏ పక్కన ఉంది, ఎంత దూరంలో ఉంది, ఆ కర్టెన్ నేల దాకా వస్తుందా. తడి చేతితో చూశాక ఏం దొరికిందో కూడా కింద రాయండి.